ఒక్క సబ్‌మెరీన్‌నీ ముంచని ఓడ: హాలిఫాక్స్‌లో శాక్విల్

కెనడా తూర్పు తీరంలోని హాలిఫాక్స్ వెళ్తున్నామంటే టొరంటోలోని మా స్నేహితులంతా పెగ్గీస్ కోవ్ లైట్‌హౌస్ గురించీ, లాబ్‌స్టర్ గురించీ చెప్పారు. రెండూ బాగానే ఉన్నాయి. కానీ నోవా స్కోషియా దాకా నేను వెళ్ళింది హెచ్.ఎం.సి.ఎస్. శాక్విల్ అనే పాత కెనడా నేవీ ఓడ కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ మీద సరుకు ఓడలకు కాపలా కాసిన ఫ్లవర్ తరగతి కార్వెట్లు, అంటే చిన్న యుద్ధ ఓడలు, రెండు వందలకు పైగా ఉండేవి. వాటిలో ఇప్పటికి మిగిలింది ఇదొక్కటే. మాది విశాఖ. బీచ్ రోడ్డులో ఉన్న కురుసుర సబ్‌మెరీన్‌లోకి చాలాసార్లు వెళ్ళాను. సబ్‌మెరీన్ లోపల మనుషులెలా బతుకుతారో తెలుసు. దానికోసం నీళ్ళ పైన కాపు కాసినవాళ్ళు ఎలా బతికారో చూడాలని ఎప్పటినుంచో ఉంది.

ముందు యార్క్ రిడౌట్‌కి వెళ్ళాం. రేవు ముఖద్వారం పక్కన, ఎత్తు మీద ఉన్న పాత కోట అది. అక్కడ నిలబడితే ఎదురుగా మెక్‌నాబ్స్ దీవి, దాని కొసన మాగర్స్ బీచ్ లైట్‌హౌస్ కనిపిస్తాయి. యుద్ధం రోజుల్లో ఈ ఒడ్డు నుంచి ఆ దీవి దాకా నీళ్ళలో ఇనుప వల కట్టి, మధ్యలో గేటు పెట్టారు. ఓడ వస్తే గేటు తీయడం, వెళ్ళగానే మూయడం. జర్మన్ సబ్‌మెరీన్లు, అంటే యు-బోట్లు, లోపలికి దూరకుండా ఆ ఏర్పాటు. రేవు లోపలి భాగమైన బెడ్‌ఫర్డ్ బేసిన్ లోతుగా, విశాలంగా ఉంటుంది. సరుకు నింపుకున్న ఓడలు అక్కడ లంగరు వేసి, తోటి ఓడలు చేరేదాకా ఎదురుచూసేవి. కాపలా ఓడలతో కలిసి ఇలా గుంపుగా వెళ్ళే ఓడల్ని కాన్వాయ్ అంటారు. మొదటి కాన్వాయ్, హెచ్.ఎక్స్. 1, 1939 సెప్టెంబర్ 16న 18 ఓడలతో బయల్దేరింది. యుద్ధం మొదలై అప్పటికి రెండు వారాలే.

ఓడలన్నీ ఒక్కచోట చేరితే శత్రువుకి ఇంకా సుళువు కదా అని మా ఆవిడ అడిగింది. నేనూ మొదట్లో అలాగే అనుకునేవాణ్ణి. కానీ సముద్రం చాలా పెద్దది. అంత సముద్రంలో 50 ఓడల గుంపును కనిపెట్టడం ఒంటరి ఓడను కనిపెట్టడం కన్నా మరీ తేలికేమీ కాదు. విడివిడిగా వెళ్తే 50 చోట్ల దొరికే అవకాశం ఉంది, గుంపుగా వెళ్తే ఒక్క చోటే. పైగా సబ్‌మెరీన్ వేటాడాలంటే కాపలా ఓడల దగ్గరికే రావాలి. ఇబ్బందల్లా వేగంతోనే. గుంపంతా అన్నిటికన్నా నెమ్మదైన ఓడతో పాటు నడవాలి. కేప్ బ్రెటన్ దీవిలోని సిడ్నీ నుంచి బయల్దేరే ఎస్.సి. అనే నెమ్మది కాన్వాయ్‌లు గంటకు 13 కిలోమీటర్లు నడిస్తే గొప్ప.

శాక్విల్‌ని చూడగానే ఇంత చిన్నదా అనిపించింది. పొడవు 62 మీటర్లు. లేత నీలం, తెలుపు రంగుల్లో ముద్దుగా ఉంది. తిమింగలాల వేట ఓడ నమూనాలో కట్టారు, మామూలు షిప్‌యార్డులు కూడా తొందరగా కట్టగలగాలని. యుద్ధం మొదలైనప్పుడు కెనడా నేవీ దగ్గర ఉన్నవి ఆరు డిస్ట్రాయర్లు. యుద్ధం అయ్యేలోపు ఒక్క కార్వెట్లే వందకు పైగా వచ్చాయి. వాటి మీద పనిచేసిన కుర్రాళ్ళలో ఎంతోమంది సముద్రం మొహం చూడని గోధుమ పొలాల పిల్లలు. కార్వెట్ తడి గడ్డి మీద కూడా దొర్లుతుందని నావికులు చెప్పుకునేవాళ్ళు.

లోపల మెస్ డెక్‌లో చాలాసేపు ఉండిపోయాను. భోజనాల బల్లలున్న చోటే, వాటి పైనే, ఉయ్యాల పక్కలు కట్టుకుని పడుకునేవాళ్ళు. 85 మందికి పైగా మనుషులు, తడిసిన బట్టలు, వాంతులు, ఆరని నేల. తొలి కార్వెట్లలో వంటగది వెనకాల, మెస్ ముందర ఉండేవి. మధ్యలో పైకప్పు లేని డెక్. కెరటాలు మీద పడుతుంటే కూర గిన్నె పట్టుకుని ఆ దారిన రావాలి. అందుకే వేడి భోజనం ఎప్పుడోగాని దొరికేది కాదు. బయల్దేరిన కొద్ది రోజులకే బ్రెడ్ బూజు పట్టేది. కింది అంతస్తులో ఉన్నవాడికి టార్పెడో తగిలితే పైకి రావడానికి ఉన్నది ఒక్క నిచ్చెనే. ఆ నిచ్చెన నేనూ ఎక్కాను. చేతులు ఖాళీగా, ఓడ కదలకుండా ఉన్నా కష్టంగానే అనిపించింది.

వెనక డెక్ మీద డెప్త్ చార్జీల వరసలున్నాయి, నీళ్ళలోకి వదిలితే లోతులో పేలే బాంబులు. ఒక్కో పీపాలో సుమారు 130 కిలోల పేలుడు పదార్థం. నీటి కింద ఉన్నదాన్ని శబ్దంతో పసిగట్టే పరికరం సోనార్; అప్పట్లో దాన్ని ఆస్డిక్ అనేవాళ్ళు. సబ్‌మెరీన్ దగ్గరైపోయి ఓడ కిందికి వచ్చేసరికి ఆస్డిక్‌కి అందదు. అంటే డెప్త్ చార్జీ వదిలే క్షణంలో గుడ్డిగా వదలాలి. అందుకే తర్వాత హెడ్జ్‌హాగ్ వచ్చింది: ఇంకా ఆస్డిక్‌కి అందుతుండగానే 24 చిన్న బాంబుల్ని ముందుకు విసురుతుంది. ఇక యు-బోట్లు రాత్రిళ్ళు నీటి పైకి తేలి దాడి చేస్తే ఆస్డిక్ దాదాపు దండగ. ఆ లోటు మంచి రాడార్ వచ్చాకే తీరింది.

1942 ఆగస్టులో, ఓ.ఎన్. 115 కాన్వాయ్‌కి కాపలాగా ఉన్న శాక్విల్‌కి పొగమంచులో మూడు యు-బోట్లు ఎదురయ్యాయి. యు-43ని డెప్త్ చార్జీలతో నీటి పైకి తేలేలా కొట్టింది. యు-552 పైనుండే టవర్ అడుగు భాగంలో నాలుగంగుళాల గుండు దించింది. రెండూ దెబ్బతిని ఇంటిదారి పట్టాయి తప్ప మునగలేదు. యుద్ధమంతటిలో శాక్విల్ లెక్కలో ఒక్క సబ్‌మెరీన్ కూడా లేదు. అలాంటి ఓడని కెనడా 1985లో తన జాతీయ నౌకాదళ స్మారకంగా ప్రకటించింది. నాకు ఇది చాలా సబబుగా తోచింది. కాపలాదారు పని చంపడం కాదు, సరుకు ఓడల్ని ఒడ్డుకు చేర్చడం. యు-బోటుని రెండు గంటలు నీళ్ళ కింద అణిచిపెడితే చాలు, కాన్వాయ్ దాటిపోతుంది. అవతలి ఒడ్డున గోధుమలు దిగుతాయి.

మమ్మల్ని ఓడంతా తిప్పిన వలంటీర్, రిటైరైన నావికుడు, 1943 సెప్టెంబర్ గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు. ప్రొపెల్లర్ చప్పుడు విని వెంటపడే టార్పెడోలు అప్పుడు కొత్తగా వచ్చాయి, ముందు కాపలా ఓడల్నే ముంచడానికి. శాక్విల్ జట్టులోని సెయింట్ క్రోయ్ మునిగింది. దానిలో బతికినవాళ్ళని ఇచెన్ అనే బ్రిటిష్ ఓడ ఎక్కించుకుంది. రెండు రోజుల తర్వాత అదీ మునిగింది. సెయింట్ క్రోయ్ మనుషుల్లో చివరికి మిగిలింది ఒక్కడే. హాలిఫాక్స్‌లోని నేవీ శాస్త్రజ్ఞులు ఆ టార్పెడోకి తొందరగానే విరుగుడు కనిపెట్టారు. ఓడ వెనక తాడుకి కట్టి లాగే రెండు ఇనుప గొట్టాలు! అవి కొట్టుకుని చేసే మోతకి టార్పెడో అటు పోతుంది.

పాయింట్ ప్లెజెంట్ పార్కులో పెద్ద శిలువ ఉన్న స్మారకం చూశాం. సమాధి కూడా దక్కని మూడు వేలకు పైగా మనుషుల పేర్లు. సరుకు ఓడల నావికుల పేర్లూ ఉన్నాయి. అదే కెనడాలో బతికి వచ్చిన సరుకు ఓడలవాళ్ళకి నేవీ సైనికులతో సమానంగా ప్రయోజనాలిచ్చే చట్టం 1992లోగాని రాలేదు. అప్పటికి చాలామంది పోయారు. చదువుతుంటే కోపం వచ్చింది.

ఆ ఓడల్లో మనవాళ్ళూ ఉన్నారు. 1940 సెప్టెంబర్‌లో బ్రిటన్ నుంచి పిల్లల్ని కెనడాకి తెస్తున్న సిటీ ఆఫ్ బెనారస్ మునిగింది, కాపలా ఓడలు వదిలి వెళ్ళిన రోజు రాత్రే. పిల్లల్తో పాటు పోయినవాళ్ళలో భారతీయ నావికులు ఎందరో. యుద్ధంలో చనిపోయిన మన నావికుల పేర్లు, ఆరు వేలకు పైగా, ఒక పుస్తకంలో రాసి ఒక ప్రతి ముంబైలో, ఇంకోటి చిట్టగాంగ్‌లో ఉంచారు. ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు విశాఖ కన్నా ముందు ముంబైలో దిగి ఆ పుస్తకం చూస్తాను. మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళ పేర్లు అందులో వెతుకుతాను.