ఉజి, అంబలి

ఈ ఆదివారం అరసవల్లి దర్శనం చేసుకుని ఇంటికొచ్చేసరికి అమ్మ గ్లాసులో చోడి (రాగి) అంబలి పోసి, పక్కన ఉల్లిపాయ ముక్కలు పెట్టింది. మొదటి గుక్కకే కెన్యాలోని కిసుము నగరం నుంచి వచ్చిన అమ్మాయి గుర్తొచ్చింది. టెక్సాస్‌లో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు నా పక్క సీటు తనదే. చోడిపిండితో కాచే జావను కెన్యాలో ఉజి అంటారని తనే చెప్పింది.

మా కాలేజీకి హాస్టల్ లేదు, ఆదివారం బస్సు లేదు. ఎఫ్-1 విద్యార్థి వీసా నిలవాలంటే సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్ల కోర్సులు తప్పనిసరి. క్లాసులు జరిగేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఫీజేమో స్థానికుల కంటే చాలా ఎక్కువ. దానికితోడు 2023 మొదట్లో 125 లోపే ఉన్న డాలరు, 2024 జనవరికి 160 కెన్యా షిల్లింగులకు చేరింది. వాళ్ల నాన్న అంతే పంపేవారు, అక్కడికి చేరేసరికి కరిగిపోయేది. తను ఫోన్‌లో లెక్క వేసి, చెరిపి, మళ్లీ వేసేది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. తన చదువంతా ఇంగ్లీషులోనే సాగింది. చక్కగా మాట్లాడేది. అయినా గ్రూప్ వర్క్‌లో ఎవరో ఒకరు నావైపు తిరిగి, "ఏమంటోంది?" అనేవారు. తను ఎదురుగా ఉండగానే! అప్పుడు మెల్లగా పెన్ను మూత పెట్టేసేది. ఆ తర్వాత క్లాసయ్యేదాకా నోరు విప్పేది కాదు. "తననే అడగండి" అని నేను ఒక్కసారైనా అనలేకపోయాను. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అంబలి ఫోటో తీసి పంపాను. రాత్రికి జవాబొచ్చింది: "ఉల్లిపాయ ఎందుకు? పంచదార ఏదీ?"