మా ఊళ్ళో కోర్ఫ్‌బాల్ జట్టు కట్టిన అనుభవం

కోర్ఫ్‌బాల్ అంటే అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి, ఎత్తున బిగించిన బుట్టలో బంతి వేసే ఆట. జట్టుకి నలుగురు అబ్బాయిలు, నలుగురు అమ్మాయిలు కావాలి. పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో అబ్బాయిలు తేలిగ్గానే దొరికారు, సాయంత్రం వాలీబాల్ ఆడేచోటికి వెళ్ళి అడిగితే వచ్చేశారు. అమ్మాయిల కోసమే ఇల్లిల్లూ తిరిగాను. "మగపిల్లలతో ఆటేంటమ్మా, మీద పడిపోరూ?" ఏ గుమ్మం ముందు నిలబడినా ఇదే మాట. న్యాయమైన భయమే. అందుకని రూల్ ఉన్నదున్నట్టు చెప్పాను: అమ్మాయిని అమ్మాయే అడ్డుకోవాలి, అబ్బాయిని అబ్బాయే, తొయ్యకూడదు, చేతిలో బంతి లాక్కోకూడదు. 1902లో ఆమ్‌స్టర్‌డామ్‌లో నికో బ్రూక్‌హైసెన్ అనే పంతులుగారు బడిపిల్లలు కలిసి ఆడుకోవాలనే దీన్ని తయారుచేశారండీ అంటే కొందరు మెత్తబడ్డారు. గ్రౌండ్ అడగడానికి వెళ్ళినచోట మాత్రం 1920, 1928 ఒలింపిక్స్‌లో దీన్ని ప్రదర్శనగా ఆడారన్న మాటే పనిచేసింది.

బుట్టలు ఇంకో కథ. కొనే ప్లాస్టిక్‌వి మాకు అందే ధర కాదు. మొదట్లో ఈ ఆటకి అల్లిన బుట్టలే వాడేవారు కదా అని మేదర తాతగారి దగ్గరికి వెళ్ళాం. జానెడు పైచిలుకు ఎత్తు, నలభై సెంటీమీటర్ల వెడల్పు, అడుగు వద్దు. "అడుగు లేకుండానా?" అని మళ్ళీ మళ్ళీ అడిగి, ఎంత చక్కగా అల్లిచ్చారో! వాటిని ఇనప పైపులకి 3.5 మీటర్ల ఎత్తున బిగించాం. బాస్కెట్‌బాల్ కన్నా ఎత్తు, వెనక బోర్డు కూడా ఉండదు. మా ఒండ్రు నేలలో వాన పడితే పైపు ఒరిగిపోతోంది, చివరికి పాత లారీ టైర్లలో కాంక్రీటు పోసి నిలబెట్టాం.

ఆటలో బంతి పట్టుకుని పరిగెత్తకూడదు, నేలకి కొడుతూ పోకూడదు. మనల్ని అడ్డుకునేవాళ్ళు బుట్టకీ మనకీ మధ్య చెయ్యందే దూరంలో చెయ్యెత్తి నిలబడితే షాట్ వెయ్యకూడదు. అంటే పాస్ ఇవ్వాల్సిందే, ఎంత పొడుగాటి అబ్బాయైనా సరే. రెండు గోల్స్ పడగానే అటాక్ వాళ్ళు డిఫెన్స్‌కి, డిఫెన్స్ వాళ్ళు అటాక్‌కి మారిపోతారు. నాకు ఈ ఆటమీద ప్రేమ పుట్టింది ఇక్కడే. క్రికెట్‌లో మమ్మల్ని బౌండరీ దగ్గర నిలబెట్టి మర్చిపోయేవాళ్ళు, ఇక్కడ అలా ఎవర్నీ పక్కన పెట్టడం కుదరదు, అమ్మాయికి బంతి ఇవ్వకపోతే జట్టే ఆగిపోతుంది.

ఇప్పుడు రెండో జట్టు కడుతున్నాం, ఇంకా ఇద్దరు అమ్మాయిలు కావాలి. నరసాపురం, భీమవరం వైపు వాళ్ళు ఆదివారం పొద్దున్నే రండి, బూట్లు లేకపోయినా పర్లేదు.