ట్యూబులో గర్భం: అన్ని ప్రశ్నలకూ "లేదు" అన్న నాకే ఎందుకు?

నెల తప్పాక ఇంట్లో చేసుకున్న టెస్టులో రెండు గీతలు వచ్చాయి. కొద్ది రోజులకే ఎర్ర మరకలు, పొత్తికడుపులో కుడివైపు నొప్పి మొదలయ్యాయి. స్కానింగులో గర్భసంచి ఖాళీగా కనిపించింది. రక్తంలో గర్భం వస్తే పెరిగే హార్మోన్ బీటా హెచ్‌సీజీ చూసి, 48 గంటలకు మళ్లీ చూశారు. గర్భం సరిగ్గా నిలిస్తే ఆ అంకె బాగా పెరగాలి, పోతుంటే బాగా తగ్గాలి. నాది కాస్త పెరిగి ఊరుకుంది. తర్వాతి స్కానింగులో తెలిసింది, కుడి ట్యూబులో, అంటే అండం గర్భసంచికి చేరే గొట్టంలో ఉందని.

డాక్టరమ్మ వరుసగా అడిగారు. ఇంతకుముందు ఇలా అయిందా? ట్యూబులకు ఆపరేషన్ జరిగిందా? క్లమీడియా లాంటి ఇన్ఫెక్షన్ వచ్చి ట్యూబులదాకా పాకిందా? ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), ఐవీఎఫ్, సిగరెట్? లూప్ ఉందా? (లూప్ గర్భాన్నే బాగా ఆపుతుంది కాబట్టి మొత్తంమీద ఈ ముప్పునూ తగ్గిస్తుందట. కానీ అది ఉండగా గర్భం వస్తే మాత్రం ట్యూబులో ఉందేమో చూడాల్సిందే.) అన్నిటికీ లేదనే చెప్పాను. వయసు 35 దాటలేదు కూడా. "ఇది వచ్చినవాళ్లలో దాదాపు సగం మందికి ఈ కారణాలేవీ ఉండవమ్మా" అన్నారావిడ. ఆ తర్వాత "బరువులేమైనా ఎత్తావా? ఎక్కువ తిరిగావా?" అని అడిగిన ప్రతివాళ్లకూ నేను అప్పజెప్పింది ఈ ముక్కే. బరువులకూ దీనికీ సంబంధమే లేదు.

దాన్ని గర్భసంచిలోకి మార్చలేరా అని అడిగాను. అలాంటి వైద్యం లేదన్నారు. పెరిగితే ట్యూబు పగిలి లోపల రక్తస్రావమవుతుంది, ప్రాణానికే ముప్పు. ట్యూబు ఇంకా పగల్లేదు, అంకె తక్కువగానే ఉంది కాబట్టి ఆపరేషన్ లేకుండా గర్భం ఇంక పెరగకుండా ఆపే మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్ చాలన్నారు. సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది. మందు పనిచెయ్యాలంటే ఫోలిక్ యాసిడ్ ఆపాలన్నారు. బిడ్డ కోసం వేసుకుంటున్న మాత్ర అది. ఇంజెక్షన్ కన్నా నాకు అదే ఎక్కువ కష్టంగా అనిపించింది.

ఇంజెక్షన్ తర్వాత కడుపునొప్పి మామూలేనట. పగిలినా నొప్పే వస్తుంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది? నొప్పి భరించలేనంత పెరిగినా, కళ్లు తిరిగినా, భుజం కొసన నొప్పి పుట్టినా రాత్రీ పగలూ చూడకుండా వచ్చెయ్యమన్నారు. లోపల కారిన రక్తం, ఊపిరితిత్తుల కింద పొరలా ఉండే కండరం డయాఫ్రమ్‌ను రేపితే ఆ నొప్పి భుజంలో తెలుస్తుందట. అప్పట్నుంచి మా ఆయన భోంచేశావా అనడం మానేసి "భుజం ఎలా ఉంది?" అనడం మొదలుపెట్టారు. టెన్షన్‌లో కూడా నవ్వొచ్చేది.

నాలుగో రోజు అంకె ఇంకా పెరిగింది. అలా జరగొచ్చని ముందే చెప్పబట్టి సరిపోయింది. నాలుగో రోజుకూ ఏడో రోజుకూ మధ్య కనీసం 15 శాతం తగ్గాలి, తగ్గింది. ఆ తర్వాత వారం వారం రక్తపరీక్షలు, నోట్లో పుళ్లు, మెట్లెక్కితే ఆయాసం. ఒంట్లో ఓపిక వచ్చాక కూడా ఏడుపు ఆగడానికి చాలాకాలం పట్టింది. "తొందరగా పట్టుకున్నారు, అదృష్టం" అన్నవాళ్లే ఎక్కువ. నిజమే, కానీ పోయింది కూడా నిజమే కదా.

ఇంజెక్షన్ తర్వాత కనీసం మూడు నెలలు గర్భం రాకూడదన్నారు. మళ్లీ ట్యూబులోనే వచ్చే అవకాశం నూటికి పది దాకా ఉంటుందట, అయినా తర్వాత మామూలుగా బిడ్డను కన్నవాళ్లే ఎక్కువట. ఈసారి టెస్టులో గీతలు కనపడగానే రక్తపరీక్ష, ఆరో వారంలో స్కానింగ్ అని ఫైల్లో రాసిచ్చారు. గడువు దాటింది. మా ఆయన రెడీ అంటున్నారు. నేను ఇంకొన్నాళ్లు ఆగుదామన్నాను.