ఆంత్రోపాలజీ చదివితే ఏం ఉద్యోగం వస్తుంది? సివిల్స్, నెట్ రాసిన అనుభవంతో

ఆంత్రోపాలజీ (మానవశాస్త్రం), ఆర్కియాలజీ (పురావస్తు శాస్త్రం) ఎంఏ చేస్తున్న జూనియర్లు నన్ను ముందుగా అడిగేది "అన్నా, దీంతో ఏం ఉద్యోగం వస్తుంది?" అనే. సివిల్స్‌కి ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకుందామనుకునేవాళ్ల టెన్షన్ ఇంకోటి: సర్వీస్ రాకపోతే చదివిందంతా వృథాయేనా అని. నేను సివిల్స్ రాశాను, కాలేజీ లెక్చరర్ అర్హతకీ పరిశోధన ఫెలోషిప్‌కీ పెట్టే నెట్ పరీక్షా రాశాను. సివిల్స్ తుది జాబితాలో నా పేరు లేదు, నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చింది. ఇప్పుడు పీహెచ్‌డీ చేస్తున్నాను. భూసేకరణలో ఊళ్లు వదిలి వెళ్లే కుటుంబాల మీద నా పని. చదివిందేదీ వృథా కాలేదని ధైర్యంగా చెప్పగలను.

సివిల్స్ మెయిన్స్‌లో ఆప్షనల్‌కి రెండు పేపర్లు, 500 మార్కులు. నెట్ సబ్జెక్ట్ పేపర్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, నెగెటివ్ మార్కింగ్ లేదు. సిలబస్ చాలావరకు ఒకటే, అడిగే తీరే వేరు. నేను ముందు మెయిన్స్ కోసం ఆన్సర్లు రాసేవాణ్ణి, తర్వాత అదే నోట్స్‌లోంచి పేర్లు, ఏళ్లు, పద్ధతులు వేరే కాగితం మీదికి ఎక్కించుకునేవాణ్ణి. నెట్‌కి ఆ కాగితాలే పనికొచ్చాయి. జేఆర్ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు, ఇంటి మీద ఆధారపడకుండా పరిశోధన చేసుకోవచ్చు.

బంధుత్వం చాప్టర్‌ని చాలామంది బట్టీ పట్టి వదిలేస్తారు. దయచేసి అలా చేయకండి. 1898లో ఆస్ట్రేలియా, న్యూగినీల మధ్య ఉన్న టోరెస్ జలసంధి యాత్రకు వెళ్లిన రివర్స్ అనే పరిశోధకుడు, అక్కడివాళ్ల వంశవృక్షాలు గీసుకుంటూ ఒక పద్ధతి తయారుచేశారు. పరీక్షలో అది ఒక షార్ట్ నోట్. ఊళ్లోకి వెళ్లాక దాని విలువ తెలుస్తుంది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పెళ్లయినా కాకపోయినా మేజరైన ప్రతి మనిషినీ వేరే కుటుంబంగా లెక్కించాలి. ఒకే కప్పు కింద అమ్మమ్మ, భర్త లేని కూతురు, మేజరైన మనవడు ఉంటే అక్కడ ఉన్నవి మూడు కుటుంబాలు. సర్వే కాగితంలో "ఇల్లు ఒకటి" అని రాస్తే ఇద్దరి హక్కు పోతుంది. వంశవృక్షం గీయడం వచ్చినవాళ్లు అక్కడ కావాలి. భూసేకరణ వల్ల జనం మీద పడే ప్రభావాన్ని ముందే లెక్కగట్టే సామాజిక ప్రభావ అంచనాను ఆ చట్టమే తప్పనిసరి చేసింది, ఆరు నెలల్లో పూర్తి చేయమంది. ఆ టీముల్లో, పునరావాస పథకాల్లో, గిరిజన సంక్షేమంలో పనిచేసే సంస్థల్లో మన సబ్జెక్ట్ వాళ్లకి చోటుంది. ఎంఏలో చేసే ఫీల్డ్‌వర్క్ రిపోర్టును శ్రద్ధగా రాయండి, ఇంటర్వ్యూలో చూపించడానికి మీ దగ్గరుండేది అదే.

ఆర్కియాలజీ వాళ్లకు ఒక మాట. సివిల్స్‌లో ఆర్కియాలజీ ఆప్షనల్ లేదు. కానీ ఆంత్రోపాలజీలో ప్రాగైతిహాసిక సంస్కృతులు, కాలనిర్ణయ పద్ధతులు ఉన్నాయి కాబట్టి మీకు సగం తెలిసిన దారే. ఉదాహరణలు మన నేల నుంచే ఇవ్వండి. కర్నూలు ప్రాంతంలోని జ్వాలాపురంలో ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతం బూడిద పొర పైనా కిందా రాతి పనిముట్లు దొరికాయి. ఆ పేలుడు దాదాపు 74,000 ఏళ్ల నాటిది. పాత వస్తువుల వయసు కట్టే కార్బన్-14 పద్ధతి సుమారు 50,000 ఏళ్లకు మించి చెప్పలేదు కాబట్టి అక్కడ వేరే పద్ధతులు వాడాల్సి వచ్చింది. ఈ ఒక్క ఉదాహరణ సరిగ్గా రాస్తే, ఏ పద్ధతి ఎక్కడ పనిచేస్తుందో మీకు తెలుసని దిద్దేవాళ్లకు అర్థమవుతుంది. తవ్వకాలు, పరిరక్షణలే మీ దారి అనుకుంటే 1861లో మొదలైన భారత పురావస్తు సర్వే, రాష్ట్ర పురావస్తు శాఖలు, మ్యూజియంలు ఉన్నాయి. సర్వేలో పైస్థాయి పోస్టుల్లో కొన్నింటిని యూపీఎస్సీయే భర్తీ చేస్తుంది. నోటిఫికేషన్ ఏటా రాదు. వచ్చాక మొదలుపెడదాం అనుకుంటే టైం చాలదు.

ఫిజికల్ ఆంత్రోపాలజీ (మనిషి శరీరం, పరిణామం గురించి చదివే భాగం) ఇష్టమైనవాళ్లకు ఫోరెన్సిక్ ల్యాబులు, జన్యు పరిశోధన ఉన్నాయి. మ్యాథ్స్, స్టాటిస్టిక్స్ అంటే భయపడకుండా చదివితేనే అటు వెళ్లండి. ప్రైవేటు వైపు యూజర్ రీసెర్చ్ అనే పని ఉంది. జెనీవీవ్ బెల్ అనే ఆంత్రోపాలజిస్టును ఇంటెల్ 1998లోనే తీసుకుంది. మనుషులు ఒక వస్తువును నిజంగా ఎలా వాడుతున్నారో దగ్గరుండి గమనించడమే ఆ పని, మనం ఫీల్డ్‌లో నేర్చుకునేదే.

2017 సివిల్స్‌లో మొదటి ర్యాంకు తెచ్చుకున్న దురిశెట్టి అనుదీప్ ఆప్షనల్ కూడా ఆంత్రోపాలజీయే. అది చూసి ధైర్యం తెచ్చుకోండి, కానీ అది చూసే ఆప్షనల్ ఎంచుకోకండి. పాత ప్రశ్నపత్రాలు తెచ్చుకుని రెండు వారాలు కూర్చోండి. చెంచుల గురించో, అటవీ హక్కుల చట్టం గురించో వచ్చిన ప్రశ్న దగ్గర ఆగి, ఇంకొంచెం తెలుసుకోవాలనిపిస్తే తీసుకోండి. నెట్‌కి అప్లై చేసేటప్పుడు మాత్రం జేఆర్ఎఫ్ వయసు పరిమితి, మీ కేటగిరీకి ఉన్న సడలింపు ముందే చూసుకోండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతకైతే ఆ పరిమితి లేదు.