ఉప్పుకల్లులో క్లోరిన్ లెక్క

అమలాపురంలో అమ్మ ఆవకాయ కలుపుతుంటే మేనకోడలు పుస్తకంతో వచ్చి, "మావయ్యా, క్లోరిన్ పరమాణు ద్రవ్యరాశి 35.5 అట, ఆ అర ఎక్కడిది?" అంది. ఎంత మంచి ప్రశ్నో! జాడీ పక్కనున్న ఉప్పుకల్లు ఒకటి దాని అరచేతిలో పెట్టాను.

ఉప్పంటే సోడియం, క్లోరిన్ కలిసినదే. ఇందులో ఏ క్లోరిన్ పరమాణువుకైనా ప్రోటాన్లు 17, అది మారితే క్లోరినే కాదు. న్యూట్రాన్లు మాత్రం కొన్నిటిలో 18, కొన్నిటిలో 20, ఇవే ఐసోటోపులు. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కూడితే వాటి ద్రవ్యరాశి సుమారు 35, 37. మొదటి రకం నూటికి దాదాపు 76, రెండోది 24, సగటు కడితే సుమారు 35.5 వస్తుంది. అర ముక్క ఎక్కడా లేదు.

ఇక సోడియం తన 11 ఎలక్ట్రాన్లలో ఒకటి క్లోరిన్‌కి ఇచ్చేసి ధన అయాన్, అంటే ధనావేశమున్న పరమాణువు, అవుతుంది, పుచ్చుకున్నది రుణ అయాన్. నీళ్లలో వేస్తే భగ్గుమనే లోహం, ఊపిరి తీసే వాయువు కలిసి ఊరగాయలో పడుతున్నాయంటే నాకిప్పటికీ ఆశ్చర్యమే.

పిల్ల కల్లుని ఎండకి పట్టి చూసి, నోట్లో వేసుకుంది.