రెట్టింపు కాలం, మా కాలనీ నీటి సంపు
మియాపూర్‌లోని మా కాలనీలో కొత్త నీటి సంపు ఎంత పెద్దదిగా ఉండాలన్న చర్చ సంక్షేమ సంఘం సమావేశంలో వచ్చినప్పుడు, ఒక పెద్దాయన "2001లో 36 లక్షల జనాభా ఉన్న హైదరాబాద్ నగరం 2011కల్లా 67 లక్షలయింది, పదేళ్లకోసారి రెట్టింపే కదా" అని, ఇరవై ఏళ్ల తరువాతి అవసరాన్ని నాలుగు రెట్లుగా తేల్చారు. ఆయన చెప్పిన అంకెలు సరైనవే గానీ వాటిని పోల్చడం సరికాదు. 2007లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను అప్పటి నగరంలో కలిపి జీహెచ్ఎంసీని (గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థను) ఏర్పరచారు కాబట్టి, 2011 లెక్కలో కొత్తగా చేరినవారిలో చాలామంది అప్పటికే తమ తమ ఊళ్లలో ఉన్నవారే.

హద్దు మారని ప్రాంతాన్ని తీసుకుంటేనే రెట్టింపు కాలానికి, అంటే జనాభా రెండింతలు కావడానికి పట్టే కాలానికి, అర్థం ఉంటుంది. ఏడాది వృద్ధి శాతంతో 70ని భాగిస్తే అది వస్తుంది. రెండు యొక్క సహజ సంవర్గమానం (లాగరిథమ్) 0.693, అంటే శాతంలో 69.3 కావడమే ఈ 70కి మూలం. మియాపూర్ భాగమైన రంగారెడ్డి జిల్లా జనాభా 2001లో 35.75 లక్షలు, 2011లో 52.97 లక్షలు, అంటే దశాబ్దంలో 48 శాతం పెరుగుదల. దీన్ని పదితో భాగించి 4.8 అనుకోకూడదు. జనాభా చక్రవడ్డీలా పెరుగుతుంది కనుక ఏడాది రేటు 4 శాతమే, రెట్టింపు కాలం పదిహేడున్నరేళ్లు. అదే దశాబ్దంలో హైదరాబాద్ జిల్లా 38.30 లక్షల నుంచి 39.43 లక్షలకే చేరింది. ఆ వేగంతో రెట్టింపు కావడానికి దాదాపు 240 ఏళ్లు కావాలి. ఒకే నగరపు నడిబొడ్డుకూ అంచుకూ ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు.

అయితే ఈ లెక్క ఆ దశాబ్దపు వేగాన్ని చెబుతుందే తప్ప, ఆ వేగం నిలుస్తుందని హామీ ఇవ్వదు. 2001-2011 మధ్య దేశ జనాభా ఏడాదికి 1.64 శాతం చొప్పున పెరిగింది. ఆ ప్రకారం 2011లో ఉన్న 121 కోట్లు 2054 ప్రాంతంలో 242 కోట్లు కావాలి. ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల్లో మాత్రం భారత జనాభా 2060ల తొలినాళ్లలో సుమారు 170 కోట్ల వద్ద గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గుతుంది. తెలంగాణలో ఒక్కో మహిళకు సగటు సంతానం 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే 1.8కి దిగింది. ఇక మా వైపు జనం పెరిగేది ప్రధానంగా వలసల వల్లే. వలస వచ్చేవారు ఎందరన్నది ఇక్కడ దొరికే పనుల మీద, ఇళ్ల మీద ఆధారపడుతుంది.

అందుకే వచ్చే సమావేశానికి మా ఐదు వీధుల్లో కడుతున్న అంతస్తులను, ఇంకా ఖాళీగా ఉన్న స్థలాలను లెక్కించి తీసుకెళ్తున్నాను.