ట్రిమ్ మొరాయింపు: పైకి సరే, కిందికి రానంటోంది

మా చిన్న విమానం, కిట్ తెచ్చి ఇంట్లో కట్టుకునే రకం ఆర్‌వీ-9ఏలో ఎలివేటర్ ట్రిమ్ వేషాలు మొదలుపెట్టింది. ఎలివేటర్ అంటే తోక మీద ముక్కుని పైకీ కిందికీ తిప్పే కదిలే భాగం. దాని అంచున ఉండే చిన్న ట్యాబ్‌ని మోటారుతో కదిపి, స్టిక్ మీద చేతి బరువు తగ్గించేదే ట్రిమ్. ముక్కు పైకి ట్రిమ్ చేస్తే బుద్ధిగా కదులుతుంది. లెవెల్ అయ్యి స్పీడు పెరిగాక కిందికి నొక్కితే మాత్రం ఒక్కోసారి ఉలుకూ పలుకూ ఉండదు. ప్యానెల్ మీద ట్రిమ్ ఎక్కడుందో చూపే లైటు కదలకుండా ఉన్నచోటే ఉంటుంది, దారంతా స్టిక్‌ని ముందుకు తోసి పట్టుకోవాలి. ఆ బరువు చేతికి ఆగేదే కాబట్టి భయం లేదు గానీ, కాసేపటికి భుజం లాగేస్తుంది. తీరా హ్యాంగర్లో ఇంజన్ ఆపి చూస్తే అంతా భేషుగ్గా ఉంటుంది. అసలు టెన్షన్ అదే.

ఇక్కడ అమెరికాలో ఇది ఎక్స్‌పెరిమెంటల్ కేటగిరీ కాబట్టి రిపేరు మనమే చేసుకోవచ్చు. ఏటా జరిగే కండిషన్ ఇన్‌స్పెక్షన్‌కి మాత్రం మేం మెకానిక్ సంతకం తీసుకుంటాం. విమానం కట్టినవాళ్లకి ఆ పనికిచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్ మాలాగా తర్వాత కొన్నవాళ్లకి రాదు. వైరింగ్ డ్రాయింగులు కూడా సగమే చేతికొచ్చాయి.

మొదటి అనుమానం తోక మీదే. ట్యాబ్‌ని కదిపే చిన్న మోటారు పెట్టె, అంటే సర్వో, ఎడమ ఎలివేటర్ లోపల ఉంటుంది, ఎలివేటర్ ఊగినప్పుడల్లా దాని ఐదు సన్న తీగలూ మడత పడతాయి. వాటిలో రెండు తెల్లవి మోటారుకి, మిగతా మూడు పొజిషన్ చూపించడానికి. కనెక్టర్ ఊడదీసి తెల్ల తీగలకి 9 వోల్టుల బ్యాటరీ పెట్టాను, ఎలివేటర్ ఊపుతూ. రెండు వైపులా ఆగకుండా తిరిగింది. సర్వో, దాని తీగలు నిర్దోషులు. నిజానికి తెల్ల తీగ తెగితే రెండు దిక్కులూ పోవాలి, ఒక్కటే కాదు.

ఇక మిగిలినవి రిలేలు, అంటే బటన్ నొక్కితే కరెంటుతో మారే స్విచ్చులు. పైకి ఒకటి, కిందికి ఒకటి. కార్లలో వాడే రకమే పెట్టారు. రెండూ ఖాళీగా ఉన్నప్పుడు మోటారు రెండు కొసలూ 87ఏ పిన్ను (రిలే ఊరకే ఉన్నప్పుడు కలిసి ఉండేది) ద్వారా ఎర్తుకే అంటి ఉంటాయి. కింది బటన్ నొక్కితే కింది రిలే ఓ కొసకి 12 వోల్టులు ఇస్తుంది, రెండో కొస ఎర్తు మాత్రం ఊరకే కూర్చున్న పై రిలే గుండా వెళ్తుంది. కింది దిక్కు పనిచేయట్లేదంటే అందరూ కింది రిలే మార్చేస్తారు. కొత్త రిలే పెట్టినా అదే కథ.

విమానంలో నాతో వాటా ఉన్న తెనాలి మిత్రుడు కాక్‌పిట్‌లో బటన్ నొక్కి పట్టుకున్నాడు. నేను రిలేల దగ్గర తీగలు కదుపుతూ మీటరు చూశాను. మోటారు ఆగిన క్షణంలో మొదటి తెల్ల తీగ నుంచి బాడీకి 12.4 వోల్టులు. రెండో తీగ నుంచి బాడీకీ 12.4. రెంటి మధ్య సున్నా! కరెంటు మోటారు దాకా వచ్చి, బయటికి దారి లేక నిలబడిపోయిందన్నమాట.

"ఎర్తు సంగతి చూశావా గురూ?" అన్నాడు వాడు.

"మీటర్లో కంటిన్యుటీ బాగానే ఉందిరా."

"మీటరు పక్కన పెట్టి బల్బు పెట్టు."

మంచి మాట. ఒక్క పోగు అంటుకున్నా మీటరు సరే అంటుంది, బల్బుకి కరెంటు కావాలి. ప్లస్‌కీ పై రిలే 87ఏ టెర్మినల్‌కీ మధ్య 12 వోల్టుల చిన్న బల్బు పెట్టి తీగని వేలితో తాకితే మిణుకుమిణుకుమంది. అక్కడి నుంచి ఎర్తుకి వెళ్లే జంపర్ తీగ టెర్మినల్ ఊడదీసి చూస్తే, తీగని నొక్కి బిగించే క్రింపు ప్లాస్టిక్ తొడుగుని గట్టిగా పట్టుకుంది, రాగి పోగులు రెండు మూడు మాత్రమే లోపల మిగిలాయి, వాటి చివర్లు నల్లబడ్డాయి. ఇంజన్ వణుకుకి అవి ఎడమయ్యేవి.

ఆ జంపర్ పారేసి 20 గేజ్ టెఫ్‌జెల్ (విమానాల్లో వాడే తొడుగు రకం) తీగ వేశాను, రాచెట్ క్రింపర్‌తో నొక్కి, గట్టిగా లాగి చూశాను. సోల్డర్ వద్దనుకున్నాను. సోల్డర్ ఆగినచోట తీగ బిరుసెక్కి, వణుకుకి అక్కడే తెగుతుంది. పక్కనే తీగకి కట్టు కట్టాను. రెండో రిలే జంపర్ కూడా ఆ చేత్తోనే మార్చేశాను.

పని అయ్యాక దిక్కు సరిచూడటం తప్పనిసరి: ముక్కు కిందికి నొక్కితే ట్యాబ్ పైకి లేవాలి. ఇంజన్ నడుస్తుండగా రెండు కొసల దాకా తిప్పి చూశాం. గాల్లో కూడా ఇప్పుడు నొక్కిన ప్రతిసారీ కదులుతోంది.

మిగిలిన పని ఒకటుంది. ట్రిమ్ తనంతట తాను పరిగెత్తితే ఆపడానికి చేతికందే స్విచ్ ఏదీ లేదు, ఫ్యూజు ప్యానెల్ వెనకాల ఉంది. థ్రాటిల్ పక్కన మూత ఉన్న కటాఫ్ స్విచ్ పెట్టాలి, డ్రిల్లు చేయడానికి చోటు గుర్తుపెట్టాను.